మూడో పెడల్

మా నాన్న కారుతో గరాజ్ తలుపును గుద్దిన చోట ఆగాం, పోయిన వారం. తలుపు రెండు ముక్కలైంది, కారు ముక్కు మీద గోటితో గీరినంత గీత పడింది, నాన్నకు మాత్రం ఏమీ కాలేదు. ఆయనకు ఎప్పుడూ ఏమీ కాదు. అయ్యేదంతా పక్కనున్నవాళ్ళకే అవుతుంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు క్లుప్తంగా చెబుతాను. నాన్న పేరు వెర్లన్ స్టిడమ్. డెబ్బయ్యేడేళ్ళు. ముప్పై ఒక్కేళ్ళు కార్ల ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. మార్చిలో షుగరు ముదిరి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆయన ప్రాణమంతా పంతొమ్మిదివందల డెబ్బై మోడల్ షెవెల్ మీదే. నల్లచారల ఎర్ర కారు, నాలుగు గేర్లు, మూడు పెడళ్ళు. ఆ మూడోది క్లచ్. దాన్ని ఎడమ కాలితోనే తొక్కాలి. పెట్టుడు కాలికి పెడల్ ఎక్కడుందో తెలియదు, అందుకే తలుపు విరిగింది.

నేను నెడ్రా, ఆయన కూతుర్ని. ఇప్సిలాంటిలో గేరుబాక్సులు బాగుచేసే షాపు నాది. ‘గేర్లు తీసేసి ఆటోమేటిక్ వేస్తాను నాన్నా, కుడికాలొక్కటి చాలు’ అని ఏప్రిల్ నుంచి మొత్తుకుంటున్నాను. ‘ఆటోమేటిక్ ఆడోళ్ళకీ పాస్టర్లకీ’ అంటూ వచ్చాడు ఆయన. మా అన్న గార్లండ్ ఆయనకు వంత. అసలు గేరుబాక్సు తీసేస్తే కారు విలువ సగమైపోతుందని వాడి బాధ. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఆ రాజును కూడా ఏడిపించగలడు మా నాన్న. తలుపు విరిగాక నేనిక ఎవర్నీ అడగలేదు. కారును ట్రక్కు మీదకి ఎక్కించి షాపుకు తెచ్చేశాను.

అది మంగళవారం. ఇవాళ గురువారం. ఈ రెండు రోజుల్లో నేను కారు కిందకీ లోపలికీ దూరి చూసినవేవో చూశాను. వాటితో రాత్రంతా నిద్రలేదు. పొద్దున్న తొమ్మిదిన్నరకు షాపు ముందు ముసలివాళ్ళను తిప్పే కౌంటీ వ్యాన్ ఆగింది. పెట్టుడు కాలు ఇంట్లోనే వదిలేసి, చంకకర్రల మీద మా నాన్న దిగాడు.

“కాఫీ ఉందా?” అన్నాడు గుమ్మంలోనే.

“ఉంది. చక్కెర లేదు.”

“నీ దగ్గర ఎప్పుడుందిలే.” కుర్చీలో కూలబడి చంకకర్రలు గోడకు ఆనించాడు. “ఇంట్లో ఉండలేక వచ్చా. మీ అన్న బేస్‌మెంట్ ఖాళీ చేయిస్తున్నాడు. ఇద్దరు మనుషుల్ని పెట్టి మీ అమ్మ సీసాలన్నీ తెచ్చి చెత్త డంప్‌స్టర్‌లో పారేయిస్తున్నాడు. ఒకటే గాజు చప్పుడు. పదకొండుకి లారీ వచ్చి ఎత్తుకుపోతుందట. అదేదో పోయాక వెళ్తా.”

“అమ్మ సీసాలా?”

“మీ అమ్మ పోయి ఎనిమిదేళ్ళు, పాకం పట్టి సీసాల్లో పెట్టిన ఆ పీచ్ పళ్ళు ఇంకెవడు తింటాడే. నేను మెట్లు దిగి పడి చస్తానని వాడి భయం. ఇల్లమ్మే ఆలోచన కూడా ఉన్నట్టుంది, నాతో అనడు.”

కాఫీ ఇచ్చాను. రెండు గుటకలు తాగి, బండ్లను పైకెత్తే లిఫ్ట్ మీదున్న ఎర్ర కారును కళ్ళారా చూసుకున్నాడు. నిన్నటిదాకా ఎవరి దగ్గరా తలొంచని మనిషి, గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకోవడం నేను అమ్మ అంత్యక్రియల్లో కూడా చూడలేదు.

“సరే” అన్నాడు.

“ఏంటి సరే?”

“పెట్టెయ్. నీ ఆటోమేటిక్. ఆగస్టులో పాత కార్ల క్రూజ్ లోపల అయిపోవాలి. వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఆ ఊరేగింపు మొదలైనప్పట్నుంచీ ఒక్క ఏడాది మానలేదు నేను. ఇప్పుడు మడత కుర్చీలో కూచుని పక్కోడి కారు చూడను.”

మూడు నెలలుగా నేను వినాలనుకున్న మాట. సోమవారం విని ఉంటే వెళ్ళి కావలించుకునేదాన్ని. ఇవాళ చేతిలో పానా పట్టుకుని అలాగే నిలబడ్డాను.

“కానీ ఒక షరతు” అన్నాడు. “గేరు కర్ర మీద తెల్ల గుండు అలాగే ఉండాలి. నాలుగు గేర్ల గీతలతో. క్లచ్ పెడల్ తీయకు.”

“ఆటోమేటిక్‌కి క్లచ్ ఎందుకు నాన్నా?”

“ఊరికే వేలాడనీ. కిటికీలోంచి తొంగిచూసేవాడికి మూడు పెడళ్ళు కనబడాలి. నువ్వు చెయ్యగలవు. దానికింద ఏం కట్టినా ఎవడు చూడొచ్చాడు?”

నాకు నవ్వొచ్చింది. నవ్వు పూర్తి కాకముందే ఒళ్ళు మండింది.

“నువ్వు ఇంతకుముందొకసారి చేసిన పనేగా” అన్నాను.

“ఏంటి?”

బల్ల మీద గుడ్డ కప్పిన వస్తువు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. గుడ్డ విప్పి చూసుకున్నాడు. బ్రేకు పెడల్. పైనున్న రబ్బరు తొడుగు నేను నిన్ననే ఊడదీశాను. కింద ఉక్కు పలక రెండు వైపులా హాక్సాతో కోసి ఉంది. కోసినవాడు మంచి పనివాడే, ఆకురాయితో అంచులు నున్నగా రుద్దాడు. కానీ హాక్సా జారిన చోట రెండు గాట్లు మిగిలిపోయాయి. తొడుగు కిందే కదా అనుకుని వదిలేసుంటాడు.

ఈ కార్లతో బతికేవాళ్ళకు దీనర్థం చెప్పనక్కర్లేదు. ఆటోమేటిక్ బండికి బ్రేకు పెడల్ వెడల్పు, రెండు పాదాలూ పట్టేంత ఉంటుంది. గేర్ల బండిలో పక్కన క్లచ్‌కి చోటు కావాలి కనక సన్నగా చేస్తారు. వెడల్పు పెడల్‌ని కోసి సన్నం చేయాల్సిన అవసరం ఒక్కడికే వస్తుంది, ఆటోమేటిక్‌గా పుట్టిన కారును గేర్ల కారని చెప్పుకునేవాడికి.

నాన్న పెడల్‌ని బోర్లా తిప్పి మళ్ళీ గుడ్డలో చుట్టాడు. “పాత బండి. ఎవడెవడు ఏం చేశాడో” అన్నాడు.

“కొత్తగా కొన్న బండి నాన్నా. షోరూం నుంచి మనింటికే వచ్చింది. నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు? ‘ఆర్డరిచ్చి చేయించుకున్నా, నాలుగు గేర్లు కావాలని అడిగి మరీ చేయించుకున్నా’ అని?”

“అయితే?”

“నేల చూశా. గేర్ల కారుకి కర్ర వచ్చే చోట ఫ్యాక్టరీలోనే ఉబ్బు రేకు అతికిస్తారు. దీనికి లేదు. ఉలితో కొట్టిన కన్నముంది. ఆ కన్నం మీద నువ్వు తివాచీ పరిచావు. వెనక సీటు కూడా విప్పా.”

ఆయన తల ఎత్తాడు. వెనక సీటు అనగానే ఆయనకు అర్థమైంది. ఈ కార్ల పిచ్చి ఉన్నవాడెవడైనా మొదట చేసే పని అదే. ఫ్యాక్టరీలో బండికి ఏమేం బిగించాలో రాసిన కాగితాన్ని పనివాళ్ళు సీటు స్ప్రింగుల మధ్య దోపి వదిలేసేవారు. అది దొరికినవాడు లాటరీ తగిలినట్టు చట్రం కట్టించుకుని గోడకు పెట్టుకుంటాడు. మా నాన్న మాత్రం నలభై ఆరేళ్ళలో ఆ సీటు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ‘ఒరిజినల్ కుట్టు, కదిపితే చిరుగుతుంది’ అనేవాడు. మేము నమ్మాం.

కాగితం గోధుమరంగుకు తిరిగి అంచులు ఎలుక కొట్టేసింది. మధ్యలో అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి. దాన్ని ఆయన కళ్ళ ముందు పట్టుకున్నాను. గేరుబాక్సు అన్న గడిలో ఆటోమేటిక్ అని ఉంది.

“ఇంకోటి కూడా దొరికింది” అన్నాను. జేబులోంచి చిన్న రేకు తీశాను. కొత్తకారుతో పాటు వారంటీకని ఇచ్చేవారు అలాంటివి, కొన్నవాళ్ళ పేరు ఉబ్బెత్తు అక్షరాలతో అచ్చు కొట్టి. సీటు వెనక సందులో పడి ఉంది. “చదువు.”

“కళ్ళజోడు లేదు.”

“వేలితో తడుము. తెలుస్తుంది.”

తడమలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

“ఇమోజీన్ స్టిడమ్ అనుంది” అన్నాను. “అమ్మ పేరు.”

మా అమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు కెంటకీలో పోలియో వచ్చింది. ఎడమ కాలు ఎండిపోయి, ఇనుప పట్టీ కట్టుకుంటే తప్ప నిలబడేది కాదు. నాకు తెలిసిన అమ్మ ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టిచేసే అమ్మ. చర్చికీ కొట్టుకీ నాన్నే తీసుకెళ్ళేవాడు, ఆయనకు తీరికైనప్పుడు. తీరిక లేకపోతే లేదు. ‘మీ అమ్మకు కారంటే భయం, స్టీరింగు ముట్టుకోదు’ అనేవాడు నలుగురిలో. అమ్మ సూది నోట్లో పెట్టుకుని వినేది. కాదని ఎప్పుడూ అనలేదు.

“అమ్మకు డ్రైవింగ్ వచ్చు కదా” అన్నాను.

కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

“వచ్చు” అన్నాడు. “బాగానే వచ్చు.”

“కారు అమ్మదే కదా.”

“పెళ్ళయ్యాక నీదేంటి నాదేంటి.”

“రేకు మీద నీ పేరు లేదు.”

“సరే, అది కొనుక్కుంది. ప్లాంటులో సీట్లు కుట్టే షాపులో చేసేది అప్పట్లో. తన జీతంతో కొనుక్కుంది. ఎడమ కాలు పనికిరాదు కనక ఆటోమేటిక్ అడిగింది. ఇంజను మాత్రం అన్నిటికన్నా పెద్దది అడిగింది. ఎందుకే అంటే, ‘నా కాలెలాగూ కుంటుతుంది, కారైనా పరిగెత్తనీ’ అంది.” ఆ మాట చెబుతూ ఆయన మూతి ఒక పక్కకు పోయింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

“మరి ఎందుకు తీశావు?”

“నీకు ఆ రోజులు తెలీవు.”

“చెప్పు. తెలుసుకుంటా.”

“డ్యూయీ బార్ ముందు శనివారం అందరూ కార్లు ఆపేవాళ్ళు. అందరివీ నాలుగు గేర్లే. ఎవడైనా లోపలికి తొంగిచూస్తే రెండు పెడళ్ళు. ‘ఏరా వెర్లన్, మీ ఆవిడ బండి అడుక్కొచ్చావా’ అనేవాళ్ళు. ఒకరోజు బార్‌లోంచి బయటికొచ్చేసరికి గేరు కర్రకి ఎవడో గులాబీ రిబ్బన్ కట్టాడు. పువ్వులా ముడేసి. అందరూ వరసగా నిలబడి చూస్తున్నారు, నేనేం చేస్తానా అని.”

“ఏం చేశావు?”

“నవ్వా. వాళ్ళతో పాటు నవ్వేసి ఇంటికెళ్ళా. తర్వాత నెలలో మీ అమ్మమ్మ పోయింది. మీ అమ్మ మిమ్మల్నిద్దర్నీ తీసుకుని బస్సులో పుట్టిల్లు హార్లన్ వెళ్ళింది, తొమ్మిది రోజులు. నువ్వు చంటిపిల్లవి. అప్పుడు చేశా. గుద్దేసిన బండిలోంచి నాలుగు గేర్లది దొరికింది. ప్లాంటులో నా స్నేహితుడు హోబర్ట్ సాయమొచ్చాడు. నాలుగు రాత్రులు పట్టింది.”

అమ్మమ్మను పాతిపెట్టడానికి వెళ్ళిన తొమ్మిది రోజుల్లో. నా చేతిలో పానా ఇంకా ఉంది. బల్ల మీద నెమ్మదిగా పెట్టాను, విసిరేస్తానేమోనని.

“అమ్మ వచ్చాక?”

“ఆదివారం వచ్చింది. సోమవారం షిఫ్టుకి బయల్దేరి టిఫిన్ డబ్బా పట్టుకుని కారు తలుపు తీసింది. లోపలికి చూసింది. మూడు పెడళ్ళు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నా. అరుస్తుందనుకున్నా. అరిస్తే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నా.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు. తలుపు మూసేసి లోపలికొచ్చి, కుర్చీలో కూచుని, కాలి పట్టీ విప్పేసింది. అంతే.”

“ఉద్యోగం?”

“నేను దింపుతానన్నా. నాది రెండో షిఫ్టు, తనది మొదటిది. కుదర్లేదు.” గొంతు పెంచాడు. “ఇద్దరు చిన్నపిల్లలు, ఎవరైనా ఇంట్లో ఉండాలిగా! కొట్టానా? తాగి వచ్చి తన్నానా? ఒక గేరుబాక్సు మార్చా. ఊళ్ళో ఎవర్నడిగినా అదేం నేరం కాదంటారు.”

ఆ మాట నిజం. ఊళ్ళో ఎవర్నడిగినా భేష్ అనే అంటారు. ఆటోమేటిక్ తీసి గేర్లు వేసినవాడి భుజం తట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఈ షాపులో అలాంటివి కనీసం ఇరవై చేశాను. తీసి అవతల పారేసిన గేరుబాక్సు ఎవరి కాలి బదులు పనిచేసేదో నేనూ ఎప్పుడూ అడగలేదు.

నాకు పదహారేళ్ళప్పుడు ఈ కారు నేర్పమని అడిగాను. గార్లండ్‌కి ప్రతి ఆదివారం ప్లాంటు పార్కింగులో నేర్పేవాడు. నన్ను చూసి, ‘నీకు రాదులే, మీ అమ్మ పోలిక’ అన్నాడు. ఆ సాయంత్రం అమ్మ నా తల దువ్వుతూ, దువ్వెన పట్టుకున్న చెయ్యి ఆపేసి చాలాసేపు ఊరుకుంది. నేను దాన్ని అమ్మ పిరికితనం అనుకున్నాను. ముప్పయ్యేళ్ళు అలాగే అనుకున్నాను, దానికి మాత్రం నన్ను నేను క్షమించుకోలేను.

“సరే నాన్నా, వేస్తాను” అన్నాను. “అమ్మ గేరుబాక్సే వేస్తాను. వేరేది ఏదీ వెయ్యను.”

“ఏదో ఒకటి వెయ్యవే, షాపు నిండా ఉన్నాయిగా.”

“దాని మీద ఈ కారు నంబరు కొట్టి ఉంటుంది. ఈ కారుతో పుట్టింది అదొక్కటే. ఇన్నాళ్ళూ ఒరిజినల్, ఒరిజినల్ అని ఊదరగొట్టారుగా నువ్వూ గార్లండూ. ఇప్పుడు నిజంగా ఒరిజినల్ చేద్దాం. రెండు పెడళ్ళు, వెడల్పు బ్రేకు. క్రూజ్‌లో ఎవడైనా తొంగిచూసి అడిగితే, ‘మా ఆవిడ కారు, నేనే చెడగొట్టా’ అని నీ నోటితో చెప్పాలి.”

“అంతకన్నా ఈ రెండో కాలు కూడా తీయించుకుంటా.”

“తీయించుకో. అప్పుడు నేను చేసేదేమీ ఉండదు.”

మా ఇద్దరికీ తెలుసు, ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆయన కారు ఆగస్టులోగా చేసిపెట్టరని. ఇది ఆయన చివరి వేసవో కాదో కూడా ఇద్దరికీ తెలియదు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ వెయ్యలేదు.

“అది లేదిప్పుడు” అన్నాడు చివరికి. “తుక్కుకి పోయింది. హోబర్ట్ పట్టుకెళ్ళాడు.”

హోబర్ట్‌కి ఎనభై రెండేళ్ళు. లేత్ మీద పనిచేసి చేసి చెవులు పోయాయి, అందుకే ఫోన్‌లో అరిచి మాట్లాడతాడు. స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టాను.

“హోబర్ట్ బాబాయ్, నేను నెడ్రాని. మా అమ్మ కారులోంచి తీసిన ఆటోమేటిక్ ఏం చేశారు?”

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

“ఎవరు చెప్పారు నీకు?”

“కారే చెప్పింది. తుక్కుకి వేశారా?”

“మీ నాన్న వెయ్యమన్నాడు. ట్రక్కులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నా. తర్వాత మంగళవారం మీ అమ్మ వచ్చింది. రెండు బస్సులు మారి, నిన్ను చంకనేసుకుని, మీ అన్నని చెయ్యి పట్టుకుని, ఆ పట్టీ కాలితో మా వీధంతా నడిచి వచ్చింది. ‘హోబర్ట్, నువ్వు నా వస్తువు తెచ్చుకున్నావు, తిరిగివ్వు’ అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదనుకో.”

నాన్న కుర్చీలో ముందుకు వంగాడు. “అబద్ధం” అన్నాడు, ఫోన్‌కి వినబడకుండా.

“ఇచ్చేశారా?”

“నూనె పట్టించి, మైనపు గుడ్డ చుట్టి, ఓక్ చెక్కతో పెట్టె కొట్టి ఇచ్చా. వెర్లన్ రెండో షిఫ్టులో ఉన్నప్పుడు నేనూ మా తమ్ముడూ మోసి మీ బేస్‌మెంట్‌లో దించాం. పైన ‘పీచ్ పళ్ళు’ అని తనే రాసింది. చుట్టూ సీసాలు పేర్చింది. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది.”

“ఎందుకు బాబాయ్? ఏం చేద్దామని?”

“నేనూ అడిగా. ‘ఆయనే వచ్చి అడగాలి. ఇమోజీన్, తప్పైంది, నీది నీకు పెట్టేస్తా అనాలి. అడిగేదాకా అక్కడుంటుంది’ అంది.” హోబర్ట్ దగ్గాడు. “రెండు వారాలు పడుతుందేమో అంది, అంతే. రెండు వారాలు.”

అమ్మ ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు బతికింది. ఆ ముప్పై ఎనిమిదేళ్ళూ ఆయన కింది పెట్టెలో ఏముందో తెలియక, ఆవిడ పైన సూది నోట్లో పెట్టుకుని, ఒకే ఇంట్లో ఉన్నారు. ఒక్క మాట చాలు. కిందికి మెట్లు దిగినంత దూరంలో ఉంది ఆ మాట.

ఫోన్ పెట్టేశాను. నాన్న మొహం చూస్తే తెల్లగా ఉంది.

“ప్రతి చలికాలం నన్నే పంపేది” అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియనట్టు అన్నాడు. “‘వెర్లన్, నాకు మెట్లు దిగడం కష్టం, పై అరలోంచి ఒక సీసా పట్రా’ అనేది. పై అర నాకు అందేది కాదు. ఎడమ పక్కన పెట్టె ఉంటుంది, దానిమీద ఎక్కు అనేది.”

“ఎక్కేవాడివా?”

“ముందు ఎడమ కాలు పెట్టి ఎక్కేవాణ్ణి.” మోకాలి కింద ఖాళీగా మడిచి పిన్నుపెట్టిన ప్యాంటు వైపు చూసుకున్నాడు. “తెచ్చిస్తే సీసా తీసుకుని నా మొహంలోకి చూసేది. ప్రతిసారీ. నేను థాంక్స్ చెబుతుందనుకునేవాణ్ణి.”

ఆయన అలా అంటుండగా నా చూపు గోడ గడియారం మీద పడింది. పదీ నలభై. నాకు ఒక్కసారిగా ఆయన వచ్చీరాగానే అన్న మాట గుర్తొచ్చింది. మీ అమ్మ సీసాలన్నీ. పదకొండుకి లారీ.

“నాన్నా, పెట్టె.”

ఆయనకూ అప్పుడే తట్టింది. చంకకర్రల కోసం చెయ్యి చాచాడు, ఒకటి కింద పడింది.

గార్లండ్‌కి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. నా పాత గేర్ల పికప్ తాళాలు అందుకుని తలుపు వైపు పరిగెత్తాను.

“నేనూ వస్తా” అరిచాడు వెనకనుంచి.

“ఆలస్యమవుతుంది.”

“నేనూ వస్తానే!”

వెనక్కి వెళ్ళి చంక కింద చెయ్యేసి లేపాను. తేలిగ్గా ఉన్నాడు, అంత తేలిగ్గా ఉంటాడనుకోలేదు. అలవాటుకొద్దీ డ్రైవర్ తలుపు వైపు నడవబోయాడు.

“అటు కాదు” అన్నాను. “పక్క సీటు. అమ్మ కూర్చునేదే.”

చుట్టూ తిరిగి వెళ్ళి ఎక్కాడు. బెల్టు పెట్టుకోవడం ఆయనకు చేతకాక నేనే పెట్టాను. మా వీధికి పన్నెండు నిమిషాల దారి. ఎనిమిది నిమిషాల్లో వచ్చాను. ఒక ఎర్ర లైటు దగ్గర ఆయన ఎడమ మోకాలు, కాలు లేని ఆ మోకాలు, క్లచ్ తొక్కుతున్నట్టు కదలడం చూశాను. చూడనట్టు తల తిప్పుకున్నాను.

మలుపు తిరిగేసరికి ఇంటి ముందు డంప్‌స్టర్ లేదు. అది నిలబెట్టిన చోట గడ్డి పసుపుగా నొక్కుకుపోయి ఉంది. గార్లండ్ చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి, మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. కిటికీ దించాను.

“పీచ్ పెట్టె! ఓక్ పెట్టె! ఏం చేశావు?”

“ఆ పెద్దదా? ఇద్దరు మోశారు, నడుములు విరిగాయి. పళ్ళు ఇంత బరువుంటాయా అనుకున్నా! ఇప్పుడేగా పోయింది. లారీ ముందే వచ్చేసింది.”

వాడింకా ఏదో అంటున్నాడు. నేను ఆగలేదు. మా ఇంటి దగ్గర్నుంచి రోడ్డు మీద తడి గీత సాగిపోయింది, పగిలిన సీసాల్లోంచి కారిన పాకం. ఈగలు అప్పుడే ముసురుతున్నాయి. బండిలోకి పీచ్ వాసన వచ్చింది, అమ్మ వంటింటి వాసన. ఆ గీత వెంటే వెళ్ళాను. రెండు వీధులు దాటాక అల్లంత దూరంలో లారీ వీపు కనబడింది, పచ్చ డంప్‌స్టర్‌ని మోసుకుని హైవే ఎక్కే దారిలోకి తిరుగుతోంది. హైవే ఎక్కితే ఇక చెత్తకొండ దాకా ఆగదు.

నాన్న ముందుకు వంగి రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

“క్లచ్ తొక్కి మూడో గేరులో వెయ్యి” అన్నాడు. “నెమ్మదిగా వదులు. భయపడకు, నేను చెప్తా. మూడోది వెయ్యి తల్లీ.”

పదహారేళ్ళప్పుడు అడిగిన పాఠం. ఇప్పుడు చెబుతున్నాడు.

నేను అప్పటికే మూడో గేరులో ఉన్నాను.